ఉమ్మడి ప్రాజెక్టులో ఎవరి పని? ఎవరి పేరు?

ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్, పీజీ కోర్సుల్లో ఉమ్మడి ప్రాజెక్టు నేడు తప్పించుకోలేని భాగం. నలుగురైదుగురు విద్యార్థులు ఒక బ్యాచ్‌గా ఏర్పడతారు. గూగుల్ డాక్స్‌లో నివేదిక రాస్తారు, గిట్‌హబ్‌లో కోడ్ పెడతారు, జూమ్‌లోనో మీట్‌లోనో మాట్లాడుకుంటారు, వాట్సాప్ గ్రూపులో పని పంచుకుంటారు. అందరి ముందూ ఒకే పత్రం, అందరి చేతిలో ఒకే లింకు. చదువులో ఇంతకంటే సమానమైన చోటు మరొకటి ఉండదనిపిస్తుంది. నల్లగండ్లలో నివసిస్తూ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో ఈ పరిసరాల విద్యార్థులకు ప్రాజెక్టు పనుల్లో తోడ్పడుతున్న నాకు ఆ మాట నమ్మాలనే ఉంది. కానీ ఆ పత్రంలో ఏ పని ఎవరి వంతుకు వస్తోంది, చేసిన పని చివరికి ఎవరి పేరున జమ అవుతోంది అని అడిగితే దొరికే జవాబు మన ఊళ్లు మనకు ఎప్పుడో చెప్పిన జవాబే.

ఈ ప్రశ్న అడగడానికి నల్లగండ్ల తగిన చోటు. ఒకప్పుడు చెరువు, పొలాలతో బతికిన ఈ ఊరిని నేడు బహుళ అంతస్తుల భవనాలు చుట్టుముట్టాయి. 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇక్కడికి కూతవేటు దూరం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో మొదలైన హైటెక్ సిటీ విస్తరించి విస్తరించి ఈ ఊరి పొలిమేర దాకా వచ్చింది. లింగంపల్లి స్టేషన్లో ఎంఎంటీఎస్ దిగి షేర్ ఆటో ఎక్కే విద్యార్థుల్లో పాలమూరు, నల్లగొండ, ఆదిలాబాద్ జిల్లాల నుంచి వచ్చినవారు ఎందరో. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివి, 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని ఇంజనీరింగ్ దాకా వచ్చిన మొదటి తరం పిల్లలు వారిలో ఉన్నారు. గేటెడ్ కమ్యూనిటీలో పుట్టి, అంతర్జాతీయ పాఠశాలలో చదివిన పిల్లలూ అదే తరగతిలో కూర్చుంటారు. ఈ ఇద్దరినీ ఒకే పని మీద కూర్చోబెట్టే అరుదైన సందర్భం ఉమ్మడి ప్రాజెక్టు. కాబట్టి అది చిన్న విషయం కాదు.

మొదటి వడపోత బ్యాచ్ ఏర్పడే రోజునే జరుగుతుంది. ఎవరితో ఎవరు కలవాలో విద్యార్థులకే వదిలేయడం చాలా చోట్ల ఆనవాయితీ. అప్పుడు మొదలవుతాయి ప్రశ్నలు: ర్యాంకు ఎంత? కన్వీనర్ కోటానా, మేనేజ్‌మెంట్ కోటానా? ఇంటర్ ఎక్కడ? పైకి ఇవి చదువు గురించిన ప్రశ్నలు. లోపల మాత్రం ర్యాంకు చెబితే రిజర్వేషన్ తెలుస్తుంది, రిజర్వేషన్ తెలిస్తే కులం తెలుస్తుంది. ఇది నా ఊహ కాదు. బొంబాయి ఐఐటీలోని ఎస్సీ, ఎస్టీ విద్యార్థి విభాగం 2022లో జరిపిన సర్వేలో పాల్గొన్న ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో మూడింట ఒక వంతుకు పైగా, తోటి విద్యార్థులు తమ గుర్తింపు తెలుసుకోవడానికే ప్రవేశ పరీక్ష ర్యాంకు అడిగారని చెప్పారు. 2023 ఫిబ్రవరిలో దర్శన్ సోలంకి అనే దళిత విద్యార్థి అక్కడ మరణించిన తర్వాత, అదే ఏడాది జూలైలో, ర్యాంకుల గురించి ఒకరినొకరు అడగడం సరికాదని ఆ సంస్థ మార్గదర్శకాలు జారీ చేయాల్సి వచ్చింది.

ర్యాంకు అడగకపోయినా పేరు ఉండనే ఉంది. గూగుల్ డాక్స్‌లో కుడివైపు పైన ఎవరెవరు పత్రం తెరిచారో పేర్లు కనిపిస్తాయి. ఈమెయిల్‌తో ప్రవేశించని అనామక పాఠకుడికి ఆ సాధనం ఏదో ఒక జంతువు పేరు తగిలిస్తుంది. అక్కడ కులం లేనిది ఆ జంతువుకే. తెలుగువారి పేర్లలో రెడ్డి, చౌదరి, శర్మ వంటి తోకలు ఎంత మామూలైపోయాయంటే వాటిని కుల ప్రస్తావనగా ఎవరూ భావించరు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం మాదిగ అన్న మాటను పేరు చివర ఆత్మగౌరవంతో నిలబెట్టింది. అలాంటి పేరున్న విద్యార్థి ఈమెయిల్ చూసి 'కాలేజీలో కులం ఎందుకు?' అని అడిగిన మిత్రులను నేను చూశాను. అడిగినవారి పేరు చివర ఏముందో వారికి గుర్తు రాలేదు. పేరు ఎంత పని చేస్తుందో సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం నిరూపించింది. ప్రైవేటు ఉద్యోగాలకు సమాన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపితే, ఉన్నత కుల హిందూ పేరుతో పోల్చినప్పుడు దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులకు పడిపోయింది. ముస్లిం పేరుకైతే మూడింట ఒక వంతే మిగిలింది.

రెండో వడపోత చేతిలోని పరికరం. జాతీయ నమూనా సర్వే 2017-18 లెక్కల ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు దాదాపు 11 శాతం. గ్రామాల్లో 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. ఆ తర్వాత కరోనా వచ్చింది. 2020 లాక్‌డౌన్ వేళ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ అధ్యాపకులు దాదాపు 2,500 మంది విద్యార్థులను అడిగితే, 90 శాతం మంది దగ్గర మొబైల్ ఫోన్ ఉందని తేలింది. ఆన్‌లైన్ తరగతులకు హాజరు కాగలమన్నవారు మాత్రం 37 శాతమే. ఈ రెండు అంకెల మధ్య దూరం మన విధానకర్తలకు ఇప్పటికీ అర్థమైనట్టు లేదు. ఫోన్ ఉంటే చాలు, డిజిటల్ అంతరం తీరిపోయినట్టే అని వారి లెక్క. ఫోన్‌లో పత్రం చదవవచ్చు, 'ఓకే' అని వ్యాఖ్య పెట్టవచ్చు. నలభై పేజీల నివేదికను సరిదిద్దడం, పట్టికలు వేయడం, కోడ్ రాసి నడిపి చూడడం ఫోన్‌లో కుదిరే పనులు కావు. ల్యాప్‌టాప్ ఉన్నవాడు రాసేవాడవుతాడు, ఫోన్ ఉన్నవాడు చూసేవాడవుతాడు.

నేను దగ్గరగా చూసిన ఒక బ్యాచ్ గురించి చెబితే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఐదుగురు విద్యార్థులు. వేసవిలో అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ నీళ్ల కోసం పడే పాట్లను, పెట్టే ఖర్చును లెక్కగట్టే యాప్ వారి ప్రాజెక్టు. అందులో ఒక దళిత విద్యార్థిని పాలమూరు నుంచి వచ్చింది, గురుకులంలో చదివింది, సొంత ల్యాప్‌టాప్ లేదు. ట్యాంకర్ డ్రైవర్లతో, వాచ్‌మన్లతో మాట్లాడి వివరాలు రాబట్టే పని ఆమెకు అప్పగించారు. వాళ్లలో చాలామంది ఆమె జిల్లా నుంచే వలస వచ్చినవారు. మిగతావారు వెళ్తే 'సెక్రటరీని అడగండి' అని పంపేసిన వాచ్‌మన్లు ఆమెకు కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఏ రోజు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో, బిల్లులో ఎన్ని రాశారో చెప్పారు. ప్రాజెక్టుకు ప్రాణం ఆ సమాచారమే. ఆమె దానిని నోటుపుస్తకంలో తెలుగులో రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. బ్యాచ్‌లో మరొకరు దానిని ఆంగ్లంలోకి మార్చి పత్రంలో టైపు చేశారు.

గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ అనే సదుపాయం ఉంది. ఏ వాక్యం ఎవరు, ఏ రోజు, ఏ సమయానికి రాశారో రంగుల్లో చూపిస్తుంది. ఆ పత్రం చరిత్ర తెరిస్తే ఆ అధ్యాయమంతా టైపు చేసినవారి రంగులో ఉంది. ఆమె రంగు అక్కడక్కడా రెండు మూడు చోట్ల మాత్రమే కనిపించింది. వైవాలో 'నీ పాత్ర ఏమిటి?' అని అడిగితే 'డేటా కలెక్షన్ సార్' అంది. పరీక్షకులు తల ఊపి తర్వాతి వారిని పిలిచారు. బ్యాచ్‌లో అందరికంటే తక్కువ మార్కులు ఆమెకే వచ్చాయి. ఇందులో ఎవరూ ఎవరినీ కులం పేరుతో దూషించలేదు. టైపు చేసిన స్నేహితురాలు నిజంగా సాయం చేశాననే అనుకుంది. అట్రాసిటీ చట్టం కింద పెట్టదగిన కేసు ఏదీ లేదు. అయినా ఒకరి శ్రమ మరొకరి ఖాతాలో జమ అయింది. యంత్రం నిష్పక్షపాతంగా నమోదు చేసింది కాబట్టి దాన్ని ప్రశ్నించే దారి కూడా మూసుకుపోయింది.

కులం పనిని మాత్రమే పంచదని, పనిచేసే మనుషులనే ఒకరి కింద ఒకరిగా విడదీస్తుందని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వివరించారు. ఉమ్మడి ప్రాజెక్టులో పని ఎలా పంచుకుంటారో చూస్తే ఆ వివరణ కళ్లకు కడుతుంది. ఆలోచన, కోడ్, ఆంగ్లంలో ప్రజెంటేషన్ ఒక వైపు. సర్వే కోసం తిరగడం, ప్రింటవుట్లు తీయించడం, స్పైరల్ బైండింగ్ చేయించడం, గైడ్ సంతకం కోసం స్టాఫ్‌రూమ్ బయట నిలబడడం మరో వైపు. ఏ కులం వారైనా ఆడపిల్లలకు స్లయిడ్లు అందంగా దిద్దే పని ఎలాగూ తప్పదు. దళిత విద్యార్థిని విషయంలో ఈ రెండు బరువులూ కలిసిపోతాయి. పని పంచేటప్పుడు ఎవరూ కులం ఎత్తరు. 'నీ ఇంగ్లిష్ ఫ్లో అంత బాగా రాదు కదా, నువ్వు ఫీల్డ్ చూసుకో' అంటారు. మాట మెత్తగానే ఉంటుంది. కానీ ఆంగ్లం ఎవరి ఇంట్లో రెండు మూడు తరాలుగా ఉంది, ఎవరి ఇంట్లో ఈ తరంలోనే అడుగుపెట్టింది అన్న ప్రశ్నకు కులంతో సంబంధం లేదని ఎవరు చెప్పగలరు? నలుగురూ చూస్తుండగా తన వాక్యం మీద ఎర్ర గీత పడి, పక్కన వ్యాఖ్య వచ్చి, మరో ఇద్దరు దానికి నవ్వు గుర్తు పెడితే, ఆ విద్యార్థి మళ్లీ ఆ పత్రంలో రాయడానికి వెనకాడతాడు. నెల తర్వాత 'అతను ఏమీ రాయలేదు' అన్న ఫిర్యాదు వస్తుంది.

మూడోది అన్నిటికంటే కనిపించనిది: రెండో వాట్సాప్ గ్రూపు. అధికారిక గ్రూపులో ఐదుగురూ ఉంటారు. అందులో తేదీలు, లింకులు, శుభాకాంక్షలు వస్తాయి. అసలు నిర్ణయాలు జరిగే గ్రూపులో ముగ్గురే ఉంటారు. ఏ గైడ్‌ను అడగాలి, అమీర్‌పేటలో ఏ ప్రాజెక్టు సెంటర్‌లో రెడీమేడ్ కోడ్ కొనాలి, దానికి తలా ఎంత వేయాలి, ప్రజెంటేషన్ ఎవరివ్వాలి అన్నవన్నీ అక్కడే తేలిపోతాయి. మిగతా ఇద్దరికీ తెలిసేది ఫలితమే. 2016 జనవరిలో హాస్టల్ నుంచి బహిష్కృతుడైన రోహిత్ వేముల, అతని నలుగురు సహచరులు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టారు. అంబేడ్కర్, ఫూలే చిత్రాలతో నిలిచిన ఆ వెలివాడ దేశం కంటపడింది. రోహిత్ జనవరి 17న మరణించాక ఆ పేరు దేశమంతా మారుమోగింది. గుడారం కాబట్టి కనబడింది. తనను చేర్చని గ్రూపు ఉందని కూడా తెలియని విద్యార్థి ఏ చెట్టు కింద గుడారం వేయాలి?

చివరికి మార్కుల దగ్గరికి వద్దాం. రెమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలో జరిపి 2012లో ప్రచురించిన ప్రయోగంలో, పిల్లల జవాబు పత్రాల మీద కులం, వయసు వంటి వివరాలను యాదృచ్ఛికంగా మార్చి ఉపాధ్యాయులతో దిద్దించారు. కింది కులం అని రాసి ఉన్న పత్రానికి స్వల్పంగానైనా కచ్చితంగా తక్కువ మార్కులు పడ్డాయి. ఆ తేడా ఎక్కువగా కింది కులాల ఉపాధ్యాయులు దిద్దిన చోటే కనిపించడం మరింత ఆలోచించవలసిన సంగతి. కొందరు చెడ్డ అధ్యాపకులను పట్టుకుని తిడితే తీరే సమస్య కాదని, దిద్దే పద్ధతినే మార్చాలని అది చెబుతోంది. రాత పరీక్షలో హాల్‌టికెట్ నంబరు చాటున పేరు దాగుతుంది. ప్రాజెక్టు మూల్యాంకనంలో పేరు, ముఖం, యాస అన్నీ పరీక్షకుడి ఎదుటే ఉంటాయి.

ఇది కళాశాల గేటు దగ్గర ఆగదు. బ్యాచ్‌లో ప్రజెంటేషన్ ఇచ్చిన విద్యార్థి దానిని రెజ్యూమెలో రాసుకుంటాడు. గిట్‌హబ్‌లో తన పేరున ఉన్న కోడ్ చూపించి గచ్చిబౌలిలో ఇంటర్న్‌షిప్ తెచ్చుకుంటాడు. ఉద్యోగం వచ్చాక తన బ్యాచ్ మిత్రుడిని రిఫర్ చేస్తాడు. స్పైరల్ బైండింగ్ చేయించినందుకు రెజ్యూమెలో రాసుకునే మాట ఏదీ లేదు. క్యాంపస్‌లో తెలిసిన కులం సముద్రాలు కూడా దాటుతుంది. సిస్కో కంపెనీలో ఒక దళిత ఇంజనీరు వివక్షకు గురయ్యాడని కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ 2020లో దావా వేసింది. అతను రిజర్వేషన్‌తో ఐఐటీలో చేరాడన్న సంగతిని, అక్కడే చదివిన అధికారి సహోద్యోగులకు చెప్పాడన్నది అందులోని ఒక ఆరోపణ. కంపెనీ దానిని ఖండించింది, 2023లో ఇద్దరు అధికారులపై అభియోగాలను ఆ సంస్థే ఉపసంహరించుకుంది. అయినా ఆ దావా లేవనెత్తిన ప్రశ్న మిగిలే ఉంది. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. మన సైబరాబాద్‌లో ఆ మాట ఎత్తే కంపెనీ ఎక్కడుంది?

'ప్రతిదానికీ కులమేనా? పని ఎగ్గొట్టేవాళ్లు అన్ని కులాల్లోనూ ఉంటారు, పేదలు అన్ని కులాల్లోనూ ఉన్నారు' అనే మాట వెంటనే వస్తుంది. రెండూ నిజాలే. ల్యాప్‌టాప్ లేని అగ్రకుల విద్యార్థి కష్టం కూడా కష్టమే, నేను అడగబోయే మార్పులన్నీ అతనికీ పనికొస్తాయి. కానీ అతను పని ఎగ్గొడితే 'వాడు బద్ధకస్తుడు' అంటారు. దళిత విద్యార్థి ఒక్కసారి ఆలస్యం చేస్తే 'రిజర్వేషన్ సీటు కదా' అంటారు. మొదటి మాట ఒక వ్యక్తికి తగులుతుంది. రెండోది ఆ తరగతిలో ఉన్న అతని వాళ్లందరికీ తగులుతుంది. తేడా అక్కడ ఉంది.

అలాగని ఈ సాధనాలను తిట్టి లాభం లేదు. ఊరి చేలో ఎవరు ఎంత నాటారో, ఎవరు ఎంత కోశారో రాసిపెట్టిన కాగితం మన తాతలకు ఏనాడూ దొరకలేదు. ఈ తరానికి తొలిసారి, ఎవరు ఎంత చేశారో నమోదయ్యే పత్రం చేతికొచ్చింది. ఆ నమోదు అసంపూర్ణం. దానిని సంపూర్ణం చేయడం అధ్యాపకుల చేతిలో, సంస్థల చేతిలో ఉంది. అందుకు పెద్ద నిధులేమీ అక్కర్లేదు. బ్యాచ్‌లను చీటీలు తీసి ఏర్పరచాలి, ర్యాంకును గానీ స్నేహాలను గానీ ఆధారం చేసుకోకూడదు. కోడ్, రచన, క్షేత్ర పరిశీలన, ప్రజెంటేషన్ నాలుగూ ప్రతి విద్యార్థి వంతుకు ఒకసారైనా రావాలి. నోటుపుస్తకం పేజీ, ఫొటో, వాయిస్ మెసేజ్ ఏదైనా సరే, తెచ్చినవారి పేరుతోనే పత్రంలోకి ఎక్కాలి. పత్రంలో నమోదు కాని నిర్ణయం చెల్లదన్న నియమం ఉండాలి. సమూహానికి కొన్ని మార్కులు, వ్యక్తికి కొన్ని మార్కులు విడిగా వేయాలి. వ్యక్తి మార్కులకు ముందు పరీక్షకుడు వెర్షన్ హిస్టరీ చూడాలి, ఆ తర్వాత విద్యార్థి తన పని గురించి ఒక పేజీ తెలుగులోనైనా రాసివ్వగలగాలి. గ్రంథాలయం పుస్తకాలు ఇచ్చినట్టే ల్యాప్‌టాప్‌లు కూడా ఇవ్వాలి. కంప్యూటర్ ల్యాబ్ సాయంత్రం మూతపడితే హాస్టల్ విద్యార్థికి ఇక దారేది?

చట్టం సంగతీ ఉంది. 2012 యూజీసీ నిబంధనలు ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలన్నాయి. అవి అమలు కావడం లేదంటూ రాధికా వేముల, ఆబేదా తడ్వి 2019లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు ప్రకటించగానే వీధుల్లో వ్యతిరేకత పెల్లుబికింది, అదే నెలలో సుప్రీంకోర్టు వాటిని నిలిపివేసింది. రోహిత్ పేరిట చట్టం తేవాలని 2025 ఏప్రిల్‌లో రాహుల్ గాంధీ కర్ణాటక, తెలంగాణ, హిమాచల్ ముఖ్యమంత్రులకు లేఖలు రాశారు. రోహిత్ చదివిన విశ్వవిద్యాలయం ఉన్న రాష్ట్రం ఈ విషయంలో ఎవరి వెనకా నిలబడనక్కర్లేదు. ఆ చట్టం ఏ రూపంలో వచ్చినా దూషణను, బహిష్కరణను మాత్రమే వివక్షగా చూస్తే చాలదు. బ్యాచ్‌లోకి తీసుకోకపోవడం, ఉమ్మడి పత్రంలో రాసే అనుమతి ఇవ్వకపోవడం, చేసిన పనికి పేరు లేకుండా చేయడం కూడా ఫిర్యాదుకు అర్హమైన వివక్షేనని అందులో స్పష్టంగా రాయాలి. పత్రం చరిత్రను సాక్ష్యంగా స్వీకరించాలి.

అంతవరకు విద్యార్థులు చేయగలిగిందీ ఒకటుంది. మీ బ్యాచ్ పత్రం మొదటి పేజీలో పేర్ల పట్టిక ఉంటుంది. ఆ పేర్ల పక్కన మరో గడి గీయండి. ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఎవరితో మాట్లాడారు, ఏది రాశారు, ఏది తెచ్చిచ్చారు అన్నది వారం వారం ఆ గడిలో నింపండి. టైపు చేసినవారు ఒకరు, తెచ్చినవారు మరొకరు అయితే రెండు పేర్లూ రాయండి. ఆ ట్యాంకర్ల అధ్యాయం పక్కన పాలమూరు అమ్మాయి పేరు ఉండి ఉంటే, వైవాలో ఆమెను అడగాల్సిన ప్రశ్న వేరేగా ఉండేది.